బలమంటే ఏది? ఐస్‌లాండ్ షాట్‌పుటర్ హ్రెయిన్ హాల్‌డోర్సన్ కెరీర్ చెప్పే లెక్క

1977 మార్చిలో స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్‌లో యూరప్ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. షాట్‌పుట్‌లో అందరి కళ్లూ బ్రిటన్‌కు చెందిన జెఫ్ కేప్స్ మీదే ఉన్నాయి. ఆయన పోలీసు ఉద్యోగి, కొండంత మనిషి. ఈ టైటిల్ అప్పటికే రెండుసార్లు గెలిచి ఉన్నాడు. ఆ రోజు మాత్రం 20.59 మీటర్ల దూరం గుండు విసిరి బంగారు పతకం పట్టుకెళ్లింది హ్రెయిన్ హాల్‌డోర్సన్. ఆయన దేశం ఐస్‌లాండ్. అప్పట్లో ఆ దేశం మొత్తం జనాభా రెండు లక్షల ఇరవై వేలు, అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత.

కథ అక్కడితో ఆగితే ఏ తికమకా లేదు. కానీ ఆరేళ్ల తర్వాత, 1983లో, అదే కేప్స్ ‘ప్రపంచంలోనే అత్యంత బలశాలి’ పోటీ గెలిచాడు. మరుసటి ఏడాది ఆ కిరీటాన్ని లాక్కున్నది మళ్లీ ఐస్‌లాండ్ మనిషే, యోన్ పౌల్ సిగ్మార్సన్. 1985లో కేప్స్ తిరిగి గెలిచాడు. 1986లో యోన్ పౌల్ మళ్లీ గెలిచాడు.

మరి హ్రెయిన్ చేతిలో ఓడిన మనిషి ప్రపంచ బలశాలి అయ్యాడంటే, హ్రెయిన్ అంతకన్నా బలశాలి అనుకోవాలా? ఆయన్ని సొంత దేశంలో పిలిచేది ‘స్ట్రాండిర్ బలశాలి’ అనే. 2025 సెప్టెంబరులో ఐస్‌లాండ్‌కే చెందిన హాఫ్థోర్ బ్యోర్న్‌సన్ 510 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపడం) చేసినప్పుడు కూడా ‘ఐస్‌లాండ్ వాళ్లకు ఇంత బలం ఎక్కడిది’ అన్న మాట మళ్లీ వినిపించింది. ఈ ప్రశ్నల్లో చిక్కంతా ‘బలం’ అనే ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట కింద మూడు నాలుగు వేరువేరు సంగతుల్ని కలిపి మూట కట్టేస్తున్నాం. ఆ మూట విప్పితే హ్రెయిన్ కెరీర్ ఇంకా బాగా అర్థమవుతుంది.

## ముందు పేర్ల సంగతి

ఐస్‌లాండ్‌లో చాలామందికి మనలా ఇంటిపేరు ఉండదు. హాల్‌డోర్సన్ అంటే హాల్‌డోర్ కొడుకు, అంతే. అందుకే అక్కడ పత్రికలైనా, ప్రధానమంత్రైనా ఆయన్ని హ్రెయిన్ అనే అంటారు. ఈ పద్ధతి వల్ల ఒకే పేరుతో సంబంధం లేని మనుషులు తేలుతుంటారు. 1990లో షాట్‌పుట్‌లో 21.26 మీటర్లు విసిరి హ్రెయిన్ జాతీయ రికార్డును చెరిపేసిన పేటుర్ గుద్ముండ్సన్ వేరు, అమెరికా ఎన్‌బీఏలో బాస్కెట్‌బాల్ ఆడిన పేటుర్ గుద్ముండ్సన్ వేరు. ఇద్దరూ భారీకాయులే కావడంతో ఇద్దరినీ ఒకరే అనుకునే ప్రమాదం ఇంకా ఎక్కువ.

స్ట్రాండిర్ అనేది ఊరి పేరు కాదు. అది ఐస్‌లాండ్ వాయవ్య మూలన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక ప్రాంతం. హ్రెయిన్ అక్కడివాడు, 1949లో పుట్టాడు.

## షాట్‌పుట్‌లో విసరడం ఉండదు

బడి ఆటల పోటీల్లో గుండు పట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే, అయినా మొదటి నుంచి చెప్పుకుందాం. పురుషుల గుండు బరువు 7.26 కిలోలు. నిలబడే వలయం అడ్డకొలత 2.135 మీటర్లు, అంటే ఏడడుగులు. వలయం ముందంచున 10 సెంటీమీటర్ల ఎత్తున ఒక చెక్క ఉంటుంది. దాని పైభాగాన్ని కాలు తాకితే ఆ ప్రయత్నం పోయినట్టే.

గుండును క్రికెట్ బంతిలా విసరడానికి వీల్లేదు. మెడకూ దవడకూ ఆనించి ఉంచుకుని, భుజం వెనక్కి పోనీయకుండా, ఒంటి చేత్తో ముందుకు తొయ్యాలి. గుండు కూర్చునేది అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద. అరచేతిలో పెట్టుకుంటే చివరి క్షణంలో మణికట్టు, వేళ్లు ఇవ్వాల్సిన విదిలింపు పోతుంది. పెద్ద పోటీల్లో దగ్గర్నుంచి చూస్తే ఆ ఆటగాడి మెడ మీద, దవడ కింద సున్నం పూసినట్టు తెల్లటి పొడి మచ్చ కనిపిస్తుంది. గుండు జారకుండా రాసుకున్నది అది.

ఆ ఏడడుగుల జాగాలో వేగం పుట్టించే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది వీపు ముందుకు పెట్టి నిలబడి, ఒంటికాలి మీద వెనక్కి జారుతూ వచ్చి తిరిగి తొయ్యడం. 1950లలో అమెరికా ఆటగాడు ప్యారీ ఒబ్రయన్ దీన్ని ప్రపంచానికి నేర్పాడు. రెండోది డిస్కస్ వాళ్లలా గిర్రున తిరిగి తొయ్యడం. 1976లో సోవియట్ ఆటగాడు బారిష్నికోవ్ ఈ పద్ధతిలో సరిగ్గా 22.00 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. హ్రెయిన్ వెలుగులోకి వచ్చిన రోజుల్లో ఈ రెండింట్లో ఏది మేలన్న వాదన వేడిగా నడుస్తోంది.

## ఒక మీటరు వేగం, రెండున్నర మీటర్ల దూరం

గుండు చేయి వదిలిన క్షణంలో మూడే మూడు సంగతులు దూరాన్ని తేలుస్తాయి. అవి వేగం, కోణం, నేల నుంచి ఎత్తు. గాలి నిరోధం దాదాపు లెక్కలోకి రాదు.

లెక్క వేసి చూద్దాం. ఒకాయన 2.1 మీటర్ల ఎత్తున, 37 డిగ్రీల కోణంలో, సెకనుకు 13 మీటర్ల వేగంతో గుండు వదిలాడనుకోండి. అది సుమారు 19 మీటర్ల దూరంలో పడుతుంది. మిగతా రెండూ అలాగే ఉంచి వేగాన్ని 14 మీటర్లు చేస్తే 21.7 మీటర్లకు పోతుంది. వేగం ఎనిమిది శాతం కూడా పెరగలేదు, దూరం మాత్రం దాదాపు 14 శాతం పెరిగింది. ఇప్పుడు వేగం అలాగే ఉంచి, మనిషి పది సెంటీమీటర్లు పొడుగనుకుందాం. వచ్చే లాభం పదకొండు సెంటీమీటర్లు. పొడుగు పనికొస్తుంది గానీ, ఆటను తేల్చేది వేగమే.

బడిలో 45 డిగ్రీల్లో విసిరితే గరిష్ఠ దూరం అని చదువుకున్నాం కదా, మరి 37 ఏమిటి? గుండు నేల మీద నుంచి కాకుండా భుజం కన్నా పైనుంచి బయల్దేరుతుంది. అదొక కారణం. దానికన్నా పెద్ద కారణం మన ఒంట్లోనే ఉంది. చేయి పైకెత్తే కొద్దీ తోపులో జోరు తగ్గుతుంది. కొంచెం తక్కువ కోణంలో తోస్తే వేగం ఎక్కువ వస్తుంది, ఆ వేగం కోణంలో పోయినదాన్ని పూడ్చి పైన లాభం ఇస్తుంది.

ఇక అసలు విషయానికొస్తే, చివరి తోపు సుమారు 0.2 సెకన్లలో ముగుస్తుంది. 7.26 కిలోల గుండుకు సెకనుకు 14 మీటర్ల వేగం ఇవ్వడానికి దాదాపు 710 జౌళ్ల శక్తి కావాలి. దాన్ని ఆ 0.2 సెకన్లతో భాగిస్తే మూడున్నర వేల వాట్లు వస్తుంది. పొలంలో బోరుకు బిగించే 5 హెచ్‌పీ మోటారుకు అది కాస్త తక్కువ. అదే ఒకాయన 300 కిలోల బరువును 60 సెంటీమీటర్ల ఎత్తుకు మూడు సెకన్లలో లేపాడనుకోండి, లెక్క 600 వాట్ల దగ్గరే ఆగుతుంది, అంటే ఒక హెచ్‌పీ కూడా కాదు.

అలాగని 300 కిలోలు ఎత్తడం తేలిక అని అర్థం కాదు. గుండుకు తగిలే సగటు తోపు యాభై కిలోల బరువుకు అటూ ఇటూగా ఉంటుంది, డెడ్‌లిఫ్ట్‌లో 300 కిలోలకు పైనే కావాలి. ఒకదాంట్లో సత్తువ ఎక్కువ, ఇంకోదాంట్లో వడి ఎక్కువ. మన భాషలో సత్తువ, వడి, పట్టు, దమ్ము అని నాలుగు మాటలు విడివిడిగా ఉన్నాయి. ఈ విషయం తేల్చడానికి నాకు ఆ నాలుగూ సరిపోయాయి.

## స్ట్రాంగ్‌మ్యాన్, పవర్‌లిఫ్టింగ్, వెయిట్‌లిఫ్టింగ్

ఈ మూడింటినీ కలిపేయడం మామూలే. వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్ క్రీడ. బార్‌ను తల మీదికి లేపాలి, సత్తువతో పాటు వడి కావాలి. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), బెంచ్‌ప్రెస్ (పడుకుని బరువును పైకి తొయ్యడం), డెడ్‌లిఫ్ట్ అని మూడు ఎత్తులు. అందులో దాదాపు అంతా సత్తువే. ఐస్‌లాండ్ మనిషి స్కూలీ ఓస్కార్సన్ 1980లో 75 కిలోల విభాగంలో 315.5 కిలోల డెడ్‌లిఫ్ట్‌తో ప్రపంచ రికార్డు పెట్టాడు. అంటే ఒంటి బరువుకు నాలుగింతల పైమాట.

స్ట్రాంగ్‌మ్యాన్ పోటీ వీటన్నిటికన్నా కలగూరగంప. లారీ లాగడం, గుండ్రటి బండల్ని దిమ్మెల మీదికి ఎత్తడం, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని పరుగెత్తడం, దుంగను తల పైకి లేపడం ఉంటాయి. ప్రతి అంశానికీ పాయింట్లు ఇస్తారు. పది మంది పోటీలో ఉంటే మొదటివాడికి పది, చివరివాడికి ఒకటి. ఒకడు డెడ్‌లిఫ్ట్‌లో పది కొట్టి మిగతా రెండు అంశాల్లో మూడేసి తెచ్చుకుంటే మొత్తం 16. ఇంకొకడు దేంట్లోనూ మొదటివాడు కాకుండా ఏడు, ఏడు, ఆరు తెచ్చుకుంటే 20. గెలిచేది రెండోవాడు. షాట్‌పుట్ ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడ ఆరు ప్రయత్నాల్లో ఒక్కటి కుదిరినా చాలు, ఆ ఒక్క సెకనే జీవితాన్ని మార్చేస్తుంది.

కాబట్టి హ్రెయిన్ కేప్స్‌ని ఓడించడం, యోన్ పౌల్ కేప్స్‌ని ఓడించడం రెండూ ఒకే త్రాసులో తూగవు. ఒకాయన 0.2 సెకన్ల వడిలో ఓడించాడు. రెండో ఆయన సత్తువ, పట్టు, దమ్ము కలిపి రోజుల తరబడి సాగే పోటీలో ఓడించాడు.

## కేప్స్ దాటాడు, మరి అందరూ ఎందుకు దాటలేదు?

ప్రపంచ బలశాలి పోటీ మొదలైంది కూడా 1977లోనే, అమెరికాలోని కాలిఫోర్నియాలో. మొదటి రెండేళ్లూ గెలిచిన బ్రూస్ విల్‌హెల్మ్ ఒలింపిక్ వెయిట్‌లిఫ్టర్, అంతకు ముందు షాట్‌పుట్ చేసినవాడు. అంటే మొదటి రోజు నుంచీ గుండు వాళ్లకు ఈ పోటీతో చుట్టరికం ఉంది. అయినా ఆ రోజుల్లో ఒలింపిక్స్ ఆశ ఉన్నవాళ్లు డబ్బుల పోటీల్లోకి ఊరికే దిగేవాళ్లు కాదు, కారణం అమెచ్యూర్ నిబంధన. ఆటతో డబ్బు సంపాదించినవాడికి ఒలింపిక్స్ తలుపు మూసేవారు. అమెరికా ఆటగాడు బ్రయన్ ఓల్డ్‌ఫీల్డ్ 1975లో 22.86 మీటర్లు విసిరాడు. అప్పటి ప్రపంచ రికార్డు కన్నా అది ఎంతో ఎక్కువ. అయినా ప్రొఫెషనల్ అన్న ఒక్క కారణంతో దాన్ని రికార్డు పుస్తకంలో రాయలేదు.

కేప్స్ 1980లో 21.68 మీటర్ల బ్రిటన్ రికార్డు పెట్టి, ఆ ఏడాది మాస్కో ఒలింపిక్స్‌లో అయిదో స్థానంలో నిలిచాడు. బలశాలి పోటీల్లో, స్కాట్‌లాండ్ సంప్రదాయ ఆటలైన హైలాండ్ గేమ్స్‌లో ఆయన బాగా వెలిగింది ఎక్కువగా ఆ తర్వాతే. 1983లో మొదటిసారి ప్రపంచ బలశాలి అయ్యేనాటికి ఆయన ఒలింపిక్ అధ్యాయం ముగిసి ఉంది. ఆయన ఒళ్లు ఆ మూడేళ్లలో మారి ఉండొచ్చు గానీ, నా దృష్టిలో ముందుగా మారింది ఆయన ముందున్న నిబంధనల గోడ.

## హ్రెయిన్ గ్రాఫ్ ఎలా నడిచింది

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హ్రెయిన్ పతకాల దరిదాపుల్లోకి రాలేదు. మరుసటి మార్చిలో యూరప్ ఇండోర్ బంగారం. అదే ఏడాది స్టాక్‌హోమ్‌లో 21.09 మీటర్లు. 21 మీటర్లు దాటిన మొదటి ఐస్‌లాండర్ ఆయనే, ఆ రికార్డు పదమూడేళ్లు నిలిచింది. ఆ తర్వాత పేటుర్ దాన్ని దాటింది 17 సెంటీమీటర్ల తేడాతో. ఇప్పటి ప్రపంచ రికార్డు, 2023లో రయన్ క్రౌజర్ విసిరిన 23.56 మీటర్ల పక్కన పెడితే 21.09 చిన్నదిగా కనిపిస్తుంది. కానీ 1977లో ప్రపంచ రికార్డే 22 మీటర్ల దగ్గర ఉందని గుర్తుంచుకోవాలి.

1980 మాస్కోలో ఆయన పదో స్థానంలో నిలిచాడు. ఆ పక్కనే, పదకొండో స్థానంలో, ఇంకో ఐస్‌లాండర్ ఓస్కార్ యాకోబ్సన్. ఫైనల్‌కు చేరేది పన్నెండు మంది. మూడు ప్రయత్నాల తర్వాత మొదటి ఎనిమిది మందికే ఇంకో మూడు అవకాశాలు ఇస్తారు. అంటే హ్రెయిన్‌కు దొరికింది మూడే, అన్నీ కలిపి ఒక నిమిషం కూడా నిండని పని. ఒక్క క్షణంలో తేలిపోయే ఆట ఎంత నిర్దయగా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది. అయినా రెండు లక్షల చిల్లర మంది ఉన్న దేశం నుంచి ఒలింపిక్ షాట్‌పుట్ ఫైనల్లో ఇద్దరు నిలబడ్డారు. పతకం రాలేదని ఆ మాటను పక్కకు నెట్టడం అన్యాయం.

సొంత దేశం మాత్రం పక్కకు నెట్టలేదు. ఐస్‌లాండ్ క్రీడా విలేకరులు 1956 నుంచి ఏటా ఉత్తమ క్రీడాకారుణ్ని ఎన్నుకుంటున్నారు. 1976లో హ్రెయిన్, 1977లో హ్రెయిన్, 1978లో స్కూలీ, 1979లో మళ్లీ హ్రెయిన్, 1980లో మళ్లీ స్కూలీ, 1981లో యోన్ పౌల్, 1982లో ఓస్కార్. వరుసగా ఏడేళ్లు, అయితే గుండు వాళ్లకు, లేదంటే బరువులెత్తేవాళ్లకు. ఇంకే దేశంలోనైనా ఫుట్‌బాల్‌ను ఇన్నేళ్లు పక్కకు నెట్టి ఈ ఆటలు ముందు నిలిచాయా అంటే నాకు అనుమానమే.

## రక్తమా, రాళ్లా, లెక్క తేడానా?

ఐస్‌లాండ్ బలానికి చెప్పే కారణాల్లో మొదటిది వాళ్ల పూర్వీకులైన సముద్ర యోధులు, వైకింగుల రక్తం. వినడానికి బాగుంటుంది, పోటీల ప్రచారానికీ పనికొస్తుంది. ఐస్‌లాండర్లు సగటున పొడగరులు అన్నది నిజం, భారీ ఆటలకు అది కొంత అనుకూలమే. కానీ అదే మూలాలున్న నార్వేలో ఇదే స్థాయి బలశాలుల వరుస లేదు. కాబట్టి రక్తం ఒక్కటే దీన్ని వివరించలేదు.

రెండో వాదన నాకు ఎక్కువ నచ్చుతుంది. అది బతుకుతెరువు వాదన. ఐస్‌లాండ్ పశ్చిమాన ద్యూపాలోన్స్‌సాండుర్ అనే తీరం ఉంది. నల్లటి గులకరాళ్ల మీద నాలుగు నున్నటి బండలు కనిపిస్తాయి. 23 కిలోల దాని పేరుకు చేతకానివాడు అని అర్థం. 54 కిలోల దాని పేరు సగం వాటావాడు. 100 కిలోలది సగం బలశాలి, 154 కిలోలది పూర్తి బలశాలి. చేపల పడవలోకి పనికి రావాలంటే వీటిని నడుమెత్తున ఉన్న గట్టు మీదికి ఎత్తి చూపించాలి. సగం వాటా బండను కూడా ఎత్తలేనివాణ్ని పడవెక్కించుకునేవారు కాదు. ఆ పేరులోని వాటా పడవలో దక్కే వాటానే. అంటే అక్కడ బలం తమాషా కోసం కాదు, ఆ రోజు కూలికి సంబంధించిన విషయం. హూసాఫెల్ అనే ఊళ్లో 18వ శతాబ్దపు పాదిరి స్నోరి బ్యోర్న్‌సన్ గొర్రెల దొడ్డి దగ్గర ఉంచిన 186 కిలోల బండ ఇప్పటికీ ఉంది. దాన్ని గుండెకు హత్తుకుని దొడ్డి చుట్టూ తిరగడం పరీక్ష. ఈనాటి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో హూసాఫెల్ బండ పేరుతో ఒక అంశమే నడుస్తోంది.

అయితే బండ ఎత్తే సంప్రదాయం సత్తువనూ పట్టునూ ఇస్తుంది గానీ, గుండుకు కావాల్సిన వడిని ఇవ్వదు. షాట్‌పుట్‌కు వేరే వంశవృక్షం ఉంది. 1946లో ఓస్లోలోనూ, 1950లో బ్రసెల్స్‌లోనూ గున్నార్ హుసేబీ షాట్‌పుట్‌లో యూరప్ చాంపియన్ అయ్యాడు. హ్రెయిన్ ఏడాది పాపగా ఉన్నప్పటికే తన దేశానికి ఇందులో రెండు బంగారాలున్నాయి. చిన్న దేశంలో గెలిచినవాడు కళ్లెదురుగా తిరుగుతుంటాడు. ఆటకు ఒక దారి, ఒక శిక్షణ, ఒక ఆశ అలాగే ఏర్పడతాయి.

మూడో వాదన లెక్కలకు సంబంధించింది. యోన్ పౌల్ నాలుగు, మాగ్నుస్ వేర్ మాగ్నుస్సన్ నాలుగు, హాఫ్థోర్ ఒకటి. మొత్తం తొమ్మిది ప్రపంచ బలశాలి టైటిళ్లు ఐస్‌లాండ్‌వి. ఒలింపిక్స్‌లో మాత్రం అన్ని ఆటలూ కలిపి ఆ దేశానికి దక్కింది నాలుగే పతకాలు, అందులో బంగారం లేదు. ప్రపంచ బలశాలి పోటీకి ఆహ్వానం అందేది కొద్దిమందికి, కొన్ని దేశాలవాళ్లకు. షాట్‌పుట్‌లో దాదాపు ప్రపంచమంతా పోటీ పడుతుంది. ఇలా చూసేవాళ్లు హ్రెయిన్ ఇండోర్ బంగారాన్ని బలశాలి కిరీటం కన్నా బరువైనదంటారు. ఎదుటివాళ్లు ఇండోర్ పోటీలకు అన్ని దేశాల మేటివాళ్లూ రారని, నాలుగుసార్లు ప్రపంచాన్ని గెలవడం ఏ కొలతలోనైనా అరుదని జవాబిస్తారు. రెండు వైపులా సత్యం ఉంది.

## ఆ కాలపు నీడ

1970ల షాట్‌పుట్ గురించి మాట్లాడుతూ స్టెరాయిడ్ల సంగతి దాటెయ్యడం కుదరదు. ఒలింపిక్స్‌లో వాటికి పరీక్షలు మొదలైందే 1976లో. ఆ దశాబ్దంలో తూర్పు జర్మనీ ప్రభుత్వమే తమ ఆటగాళ్లకు మందులిప్పించిన సంగతి తర్వాత బయటపడింది. స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో అయితే ఒలింపిక్ తరహా పరీక్షల విధానం చాలాచోట్ల ఇప్పటికీ లేదు. అందుకని ఆ కాలపు అంకెలన్నిటినీ కొట్టేయాలనేవాళ్లున్నారు. రుజువు లేకుండా ఒక మనిషి మీద మచ్చ వేయకూడదనేవాళ్లూ ఉన్నారు. కాలం మొత్తాన్ని జాగ్రత్తగా చూడాలి, మనిషిని మాత్రం ఆయన మీద తేలినదాన్ని బట్టే చూడాలి అన్నది నా పద్ధతి.

యోన్ పౌల్ 1993 జనవరిలో తన జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేస్తూ కుప్పకూలి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 32. కేప్స్ 2024 అక్టోబరులో కన్నుమూశాడు.

అదే 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఐస్‌లాండ్ తరఫున గుండు మెడకు ఆనించుకుని వలయంలోకి దిగింది ఎర్నా సోలే గున్నర్స్‌దోత్తిర్. దోత్తిర్ అంటే కూతురు, ఆమె గున్నార్ అనే ఆయన కూతురు. మహిళల గుండు బరువు 4 కిలోలు, వలయం మాత్రం అదే ఏడడుగులు.